పెద్దల వారం, పిల్లల వారం

మిషన్ అబద్ధమాడదు అని నా ముందర ఎవరన్న అంటే నాకు ముందుగాల నవ్వొస్తది, ఆ తర్వాత జర కోపమొస్తది. ఎందుకంటే గా మాట నేనే ఏండ్లకేండ్లు అందరికి చెప్పుకుంట తిరిగిన. కంప్యూటర్ కొలువుల్ల కొత్తగ చేరుతున్న పిల్లలు మీరు, మీ చేతుల్ల మా కాలంల కలల గూడ చూడని మిషన్లున్నయ్. అయినా ఈ ముచ్చట మీకు పనికొస్తదనే చెప్తున్న. ఇది వనపర్తిల జరిగింది, రెండువేల సంవత్సరం దాటి కొన్నేండ్లయినంక, ఒక ఎండకాలం.

మా ఆఫీసును చూసి ఆఫీసు అని ఎవరూ అనకపోదురు. బిజినేపల్లి రోడ్డు మీద ఊరు దాటినంక ఒక బంగ్లా, కింద ఎరువుల దుకాణం, పైన మేము. మెట్లెక్కుతుంటే యూరియా వాసన. పైన ఒక పెద్ద గదిల నాలుగు కంప్యూటర్లు, ఒక యూపీఎస్, ఒక ఏసీ. ఏసీ మిషన్ల కోసం, మా కోసం కాదు. మా పెద్దసారుది నాగర్ కర్నూలు. హైదరాబాదుల పెద్ద ఆఫీసు నడుపుతున్నా, ఒక చిన్న కొమ్మ మన పాలమూరు దిక్కు ఉండాలెనని పట్టుబట్టి ఇక్కడ పెట్టించిండు. నేను అంతకు ముందు ఒక కాలేజీల ఎలక్ట్రానిక్స్ ల్యాబు చూసుకుంటుంటి. మా ఇంటాయన వ్యవసాయం చేస్తడు, పొలం అదే రోడ్డుకు జర అవతల. ఇంటికి దగ్గరని ఈ కొలువుల చేరిన.

పని ఏందో చెప్త. కంప్యూటర్ల మీకు కనబడే బొమ్మలు, బటన్లు అంత పైపై సింగారం. లోపల కెర్నల్ అని ఒకటుంటది. ఏ పనికి ప్రాసెసర్ ఎంతసేపు ఇయ్యాలె, డిస్కులకెళ్లి ముందుగాల ఏం తేవాలె, ఎవరికి ఎంత జాగ ఇయ్యాలె, అంత అదే చూస్తది. పెండ్లిల వంటలకాడ నిలవడి గంటెలు పంచే పెద్దమనిషి లెక్క. ఆ పెద్దమనిషి పద్ధతి జర మారిస్తే బంతి జెల్ది లేవొచ్చు, లేకుంటే అందరూ విస్తరి ముందర ఎదురు చూసుకుంట కూసోవచ్చు. హైదరాబాదుల ఉన్నోళ్లు కెర్నల్ల మార్పులు చేస్తుండె. మార్పుతోని వేగం పెరిగిందా తగ్గిందా చూసుడు మా పని.

చూసుడు అంటే మేం కూసోని చూసేది లేదు. మేం ఇంటికి పోయినంక మిషన్లే కొత్త కెర్నల్ ఎక్కించుకోని, బందయి మళ్ల లేచి, పరీక్షలన్ని వాటికవే నడుపుకుంటుండె. పొద్దుగాల వచ్చేసరికి మెయిల్ వచ్చి ఉంటుండె. పాత అంకె పక్కకు కొత్త అంకె. వేగం పెరిగితే పచ్చ, తగ్గితే ఎరుపు, అటిటుగ ఉంటే తెలుపు. రంగు మిషన్ వేస్తది గానీ దాని అర్థం నేను రాయాలె. ఒక్క రాత్రి ఎర్రగ వస్తే నమ్మకపోతుంటి. మూడు రాత్రులు వరుసగ వస్తే "తగ్గింది, నిజమే" అని రాస్తుంటి. ఆ మాట మీద హైదరాబాదుల మా పెద్దసారు ఆ మార్పును తీసేస్తుండె.

నాతోని గద్వాల తమ్ముడొకడు ఉండె. మిషన్ విప్పుడు, బిగించుడు, తీగెలు గుంజుడు అంత ఆయన పని. ప్రతి సోమవారం కొత్త మార్పు ఎక్కించే ముందర గడప కాడ కొబ్బరికాయ కొడుతుండె. "ఎవలో హైదరాబాదుల రాసిన దానికి నువ్వెందుకు కొడుతున్నవ్‌రా?" అంటే, "నడిచేది మన ఇంట్ల గదక్కా" అంటుండె. కొబ్బరి మాత్రం మొత్తం తానే తింటుండె, నాకు ఒక్క ముక్క గూడ పెట్టకపోతుండె.

ఇగ అసలు సంగతికొస్త. హైదరాబాదుల రెండు టీములుండె. ఒకటి ఏండ్ల అనుభవం ఉన్నోళ్లది, సారు గూడ అండ్లనే పని చేస్తడు. ఇంకోటి కొత్తగ చేరినోళ్లది. రెండు టీములకు లొల్లి కాకుండ సారు ఒక పద్ధతి పెట్టిండు. ఒక వారం అనుభవం ఉన్నోళ్ల మార్పు, తర్వాతి వారం కొత్తోళ్ల మార్పు. మేం ఇక్కడ పెద్దల వారం, పిల్లల వారం అని పేర్లు పెట్టుకున్నం. ఆదివారం రాత్రి ఏ మార్పూ లేని పాత కెర్నల్ నడిపి పాత అంకె తీసుకుంటం. సోమవారం నుంచి కొత్త మార్పు ఎక్కిస్తం. ఎంత సక్కటి పద్ధతి! నేనైతే ఆ పద్ధతిని చూసి మురిసిపోతుంటి.

శివరాత్రి దాటినంక పిల్లల వారం వస్తే చాలు, ఎరుపు. పెద్దల వారం వస్తే పచ్చ. ఒకసారి గాదు రెండుసార్లు గాదు, ప్రతిసారి. హైదరాబాదుల అందరూ దానికి ఒక అర్థం తీసిన్రు. కొత్త పిల్లలు గద, గట్లనే రాస్తరు, పెద్దోళ్లది చెయ్యి తిరిగిన పని గద. నాకు గూడ అది సరిగ్గనే అనిపించింది, ఎందుకనిపియ్యది? చాయ్ తాగేకాడ కొత్తోళ్లను ఎర్ర టీము, ఎర్ర టీము అని ఏడిపిస్తుండ్రంట. ఒక పిల్లగాడైతే ఆ మాటలు పడలేక వేరే కంపెనీకి పోయిండు. వాడిప్పుడు మా అందరికంటె మంచిగున్నడు, అది వేరే ముచ్చట.

అదే రోజులల్ల సారు చేసిన మార్పు ఒకటి మస్తు పచ్చగ వచ్చింది. అన్ని పరీక్షలల్ల వేగం పెరిగింది. మాతోని పని చేయించుకునే బయటి దేశం కంపెనీ వాళ్లు మెచ్చుకోని మెయిల్ రాసిన్రు. ఆఫీసుల సారుకు శాలువా కప్పిన్రు. మాకు గూడ బస్సుల మిఠాయి డబ్బా పంపిండు, "మీ కొలత వల్లనే" అని చీటి రాసి. నేను రెండు కలాకండ్ ముక్కలు ఇంటికి తీస్కపోయిన.

ఆ తర్వాతి పిల్లల వారంల, శుక్రవారం పొద్దున, ఒక పిల్ల బ్యాగు భుజానికేసుకోని మెట్లెక్కి వచ్చింది. సన్నగ, ఎండకు మొకం వాడిపోయి, రాత్రంత నిద్ర లేనట్టున్నది. హైదరాబాదు కొత్త టీముల పిల్లనంట. మెయిళ్లల్ల పేరు చూసిన గానీ మనిషిని చూసుడు అదే మొదలు. ఊరు అయిజ. అమ్మానాయిన సీడుపత్తి చేన్లల్ల కూలికి పోతరు. ఆ వారం మిషన్ల మీద నడిచింది ఈ పిల్ల మార్పే. మూడు రాత్రులు ఎర్రగ వచ్చింది, తగ్గింది అని నేను రాసిన, సారు గురువారం దాన్ని తీసేసిండు.

"మేడం, నాకు ఒక్కసారి మిషన్లు చూపియ్యుండ్రి" అన్నది.

నాకు కోపమొచ్చింది. కొలిచేటోళ్ల మీద అనుమానమా అని. "మిషన్లను చూస్తే ఏం తెలుస్తది? అంకెలు మెయిల్ల వచ్చినయ్ గద."

"అంకెలు చూసిన మేడం. నేను మార్చింది డిస్కుకాడ. చిన్న చిన్న ఫైళ్లు చదివేటప్పుడు డిస్కు సూది అటిటు తిరుగుడు తగ్గాలెనని మార్చిన. అది తప్పయితే ఫైళ్లు చదివే పరీక్ష ఎర్రగ కావాలె. ఉత్త లెక్కలు చేసే పరీక్ష గూడ ఎందుకెర్రగైంది? దానికి డిస్కుతోని పనే లేదు గద."

మెయిల్ తెరిచి మళ్ల చూసిన. మాట నిజం. డిస్కుల ఏదన్న మారిస్తే లెక్కలు చేసే పరీక్షకు దెబ్బ తగిలే ముచ్చటే లేదు. అన్ని పరీక్షలు ఒక్కతీరుగ తగ్గినయ్ అంటే అది మార్పు చేసిన పని లెక్క లేదు.

"కూసో బిడ్డా. ముందు నీళ్లు తాగు" అన్న.

తాగి, నిమ్మళంగ చెప్పింది. నెలాఖరుకు ఆమె ప్రొబేషన్ అయిపోతది. ఉంచుతరా పంపుతరా సోమవారం సారు తేలుస్తడు. చేతిల ఉన్నది ఈ ఒక్క మార్పే. అది పోతే ఆమె గూడ పోయినట్టే. "ఇంట్ల చెప్పలే. మా అమ్మ చేన్ల పని చేసుకుంట అందరికి చెప్తదంట, నా బిడ్డ కంప్యూటర్ లోపటిది తయారు చేస్తది అని. ఇప్పుడు పోయి ఏం జెప్పాలె మేడం?" అని తల దించుకున్నది. మా తమ్ముడు పాపం తీగెలు చుట్టుకుంట అటు తిరిగిండు.

ఇగ ముగ్గురం కూసున్నం. శివరాత్రి నుంచి వచ్చిన అంకెలన్ని తమ్ముడు వరుసగ గీత గీసి, కాగితం గోడకు అంటించిండు. ఎక్కుడు, దిగుడు, ఎక్కుడు, దిగుడు. రంపం పండ్ల లెక్క కనబడ్డది.

"ఇక్కడ వారం వారం ఏం మారుతది?" అని ఆ పిల్ల అడిగింది.

"ఏం మారుతది? గీ గోడలే, గీ మిషన్లే. గీ అక్కనే, నేనే" అన్నడు తమ్ముడు.

మధ్యాహ్నం అన్నం తిననీకి సంచి తీసిన. సంచిల రెండు టిఫిన్లు. ఒకటి నాది. రెండోది సాయంత్రం పోతపోత పొలంకాడ ఇచ్చేది, మా ఇంటాయనకు. ఎందుకంటే ఈ వారం ఆయన ఇంట్ల తినడు, బాయికాడనే పండుకుంటడు. ఈ వారం నైట్ కరెంటు.

మీల పట్నంల పెరిగినోళ్లకు ఇది తెల్వకపోవచ్చు. బోర్లకు కరెంటు రోజంత ఇయ్యకపోయేది. వంతులుండె. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. సోమవారం సోమవారం వంతు మారుతుండె. రాత్రి లేచి మోటరు వేసుడు ఎవరికి కష్టం కాదు? అందుకే ప్రతి రైతు ఆటో స్టార్టరు పెట్టుకుండు. కరెంటు రాంగనే ఆ లైను మీది మోటర్లన్ని ఒక్కసారే గుర్రుమని లేస్తయ్. యాసంగి వరి పొట్టకొచ్చిన రోజులు, ఒక్క మోటరు గూడ ఖాళీ ఉండది. అప్పుడు వోల్టేజి పడి, ఇండ్లల్ల కరెంటు బుగ్గలు ఎర్రటి దారపు పోగులు అయితయ్.

నేను టిఫిన్ చేతుల పట్టుకోని గోడ మీది గీతను చూసిన. మా ఇంటాయన ఇంట్ల అన్నం తిన్న వారం మిషన్లు ఉరికినయ్. ఆయన బాయికాడ పండుకున్న వారం మిషన్లు గూడ పండుకున్నయ్. ఒక్క వారం గూడ తప్పలే. నాకు ఎక్కడ లేని నవ్వొచ్చింది. ఆ పిల్లకు, తమ్మునికి నేను పిచ్చిదాని లెక్క కనబడ్డనేమో.

"నవ్వుతవేందక్కా?" అని తమ్ముడు పరేషానయిండు. చెప్పిన.

"కానీ అక్కా, వోల్టేజి పడ్డా మిషన్లకు యూపీఎస్ ఉన్నది గద. వాటికేం గాదు" అన్నడు.

"మిషన్లకు ఉన్నది. మరి ఏసీకి?" అన్నది ఆ పిల్ల.

ముగ్గురం గోడ మీది స్టెబిలైజరు దిక్కు చూసినం. మా ఆఫీసుది గూడ ఆ మోటర్ల లైనే, వోల్టేజి పడితే స్టెబిలైజరు టక్కుమని కొట్టి ఏసీని బందు చేస్తది. అది మాకు తెల్వని సంగతా! పగటి కరెంటు వారంల మధ్యాహ్నం పూట ఏసీ ఆగుతనే ఉంటది, మేం కరెంటోళ్లను తిట్టుకుంట మెట్ల మీదికి పోయి కూసుంటనే ఉంటం. మరి రాత్రి కరెంటు వారంల రాత్రి పూట ఏం జరుగుతది అని మాకు ఒక్కనాడు తట్టలే. కిటికీలు బిగించి, తలుపుకు తాళం పెట్టి, పైన స్లాబు పొయ్యి లెక్క కాగుతుంటే నాలుగు మిషన్లను లోపట పెట్టి పోతుంటిమి. తెల్లారి మేం వచ్చేసరికి మోటర్లు ఆగిపోయి, వోల్టేజి నిలవడి, ఏసీ మళ్ల సల్లగ నడుస్తుండె. చలికాలంల రాత్రులు సల్లగనే ఉంటయ్, అందుకే శివరాత్రి దాక ఏ తేడా రాలే.

ఇంకో సంగతి. ఆ కాలం ప్రాసెసర్లు వేడికి ఓర్చకపోయేవి. వేడి హద్దు దాటితే కాలిపోకుండ వాటికవే నడక తగ్గించుకునేవి. అట్లాంటప్పుడు కెర్నల్ల ఎవరేం రాసినా ఎరుపే వస్తది. ఆదివారం రాత్రి ఒక తీరు గదిల పాత అంకె తీసుకోని, సోమవారం నుంచి ఇంకో తీరు గదిల కొత్తది కొలిచినం. మధ్యల కరెంటు వంతు మారింది, మేమేమో మార్పు వల్లనే అంకె మారిందనుకున్నం.

అనుకుంటే సరిపోదు, చూపియ్యాలె. ఆ వారం పగలు వోల్టేజి మంచిగుంటది. ముందు ఏసీ పెట్టి, ఏ మార్పూ లేని పాత కెర్నల్ మీద ఒక పరీక్ష నడిపినం. అంకె రాసుకున్నం. తర్వాత ఏసీ బందు చేసి, కిటికీలు బిగించి, గదిని కాగనిచ్చినం. మిషన్లను విడిచి బయట కూసోవచ్చు గానీ, ముగ్గురికీ పానం ఒప్పలే. లోపటనే కూసున్నం. తమ్ముడు కొంచెంసేపు ఓర్సుకోని, "అక్కా, నీ ముందర సిగ్గయితుంది గానీ నాతోని గాదు" అని అంగీ విప్పి బనీను మీద కూసుండు. తడి తువ్వాలలు నెత్తికి చుట్టుకున్నం. కింద ఎరువుల దుకాణపాయన మా గతి చూసి తాగనీకి సల్ల పంపిండు. ఆ పిల్ల చున్నీ నడుముకు బిగించి, తెర ముందర నుంచి కదలలే.

మధ్యల తెర మీద ఒక మాట పడ్డది. ప్రాసెసర్ వేడి హద్దు దాటింది, వేగం తగ్గిస్తున్న అని. ఆ మాట ప్రతి రాత్రి పడుతనే ఉండి ఉంటది, చూసే దిక్కు లేకుండె. పరీక్ష అయిపోయింది. అంకె వచ్చింది. పాత కెర్నలే, ఏ మార్పూ లేదు, కానీ ఎంత తగ్గాలెనో సరిగ్గ అంతే తగ్గింది. పిల్లలకు వారం వారం వచ్చిన ఎరుపు అదే.

"వచ్చింది! వచ్చింది!" అని ఆ పిల్ల ఎగిరింది. చెమటతోని తడిసి ముద్దయి, నన్ను గట్టిగ పట్టుకున్నది. అప్పటిదాక మేడం, మేడం అన్నది, ఆ పట్టుకునుడుల అక్కా అన్నది. నాకైతే పానం లేసొచ్చింది.

తమ్ముడు మాత్రం తువ్వాలతోని మొకం తుడుసుకుంట గీత దిక్కే చూస్తుండు. "అక్కా, జర ఆలోచించు. పిల్లలది దిగింది కరెంటు వల్ల అయితే, పెద్దలది ఎక్కింది గూడ కరెంటు వల్లనే గద?"

నాకు అప్పుడు గుర్తుకొచ్చింది. సారు మార్పు. శాలువా. బయటి దేశం వాళ్ల మెయిల్.

"ఈ పిల్లదొక్కటే చెప్తం అక్కా. ఏసీ ఆగింది, ఈమెది మళ్ల కొలుస్తున్నం అని. సార్‌ది ఎందుకు కెలుకుడు? ఎవరడిగిన్రు?" అన్నడు తమ్ముడు. ఆయన చెడ్డోడు గాదు, మా కొలువుల గురించే భయపడ్డడు.

నేను ఆ పిల్ల దిక్కు చూసిన. ఆమె ఎగురుడు ఆగిపోయింది. "సార్‌ది పోతే సారు నన్ను ఉంచుతడా అక్కా?" అన్నది మెల్లగ.

ఏం జెప్పాలె? ఉంచుతడని మాట ఇయ్యనీకి నేనెవరిని? "తెల్వదు బిడ్డా. కానీ సగం చెప్తే, రేపు మిగిలిన సగం ఇంకెవరన్న చెప్తరు. అప్పుడు నీది గూడ అబద్ధమే అనుకుంటరు. చెప్పు, సగం చెప్దమా, మొత్తం చెప్దమా?"

గోడ మీది గీతకాడికి పోయి, తన వారంకాడ వేలు పెట్టి చూసింది. ఆమెకు ఆ కొలువు ఎంతనో నాకు తెలుసు, అందుకే తొందర పెట్టలే. ఆఖరికి "మొత్తం చెప్పక్కా" అన్నది.

ఫోన్ చేసిన. మొదటి నుంచి చివరి దాక చెప్పిన, మా ఇంటాయన టిఫిన్‌తో సహా. సారు నడుమ నడుమ ఊఁ, ఊఁ అన్నడు.

"మరి నాది?" అన్నడు.

"మీది సల్లటి వారంల కొలిచినం సార్. దానికి పోల్చిన పాత అంకె, ముందటి ఆదివారం వేడి గదిల తీసింది."

ఒక నవ్వు వినబడ్డది, అంత ఖుషి నవ్వేం గాదు. "అంటే నాకు శాలువా కప్పింది మన కరెంటు డిపార్టుమెంటా మేడం? సరే. మిఠాయి అయితే వాపస్ అడగను, మీకది ఎప్పుడో అరిగిపోయి ఉంటది." అని, గొంతు మార్చి, "ఆమెది, నాది రెండూ మళ్ల కొలువుండ్రి. ఒకే పూట, పాతది ఒకసారి, కొత్తది ఒకసారి, మళ్ల పాతది, మళ్ల కొత్తది. ఏసీకాడ ఒక మనిషిని కూసోబెట్టుండ్రి. సోమవారం పొద్దున నాకు రిపోర్టు కావాలె" అన్నడు.

శనివారం, ఆదివారం రెండు రోజులు అదే పని. తమ్ముడు గద్వాలకు పోయేది బందు పెట్టుకుండు. పిల్ల మా ఇంట్లనే ఉన్నది. మా ఇంటాయన బాయికాడి నుంచి వచ్చి, పిల్ల కథంత విని, "కరెంటు రాదని మేం ఏడుస్తుంటే, కరెంటు వస్తున్నదని మీరు ఏడుస్తున్నరా?" అని ఒక్కటే నవ్వుడు. వారం వారం చేతుల టార్చిలైటు పెట్టుకోని పోయే మనిషి ఆయన, ఆయనకు ఆ ముచ్చట మస్తు నచ్చింది. ఇప్పటికీ చుట్టాలొస్తే చెప్తడు, తన మోటరు హైదరాబాదు కంపెనీని ఆపిందని.

ఆదివారం సాయంత్రానికి తేలింది. ఆ పిల్ల మార్పు చాన పరీక్షలల్ల తెలుపు. నష్టం లేదు. చిన్న ఫైళ్లు చదివే పరీక్షల మాత్రం, ఎన్నిసార్లు నడిపినా, అన్నిసార్లు జర పచ్చ. పెద్ద పచ్చ గాదు, కానీ గట్టి పచ్చ. సారు మార్పు అన్నిట్ల తెలుపే. లాభమూ లేదు, నష్టమూ లేదు, ఉన్నా ఒక్కటే, లేకున్నా ఒక్కటే.

రిపోర్టు రాసేటప్పుడు నా చెయ్యి సారు వరుసకాడ ఆగింది. "కొంచెం లాభం ఉండవచ్చు" అని రాయబుద్ధయింది. పెద్దమనిషి, మాకు అన్నం పెట్టినోడు. అయితే పిల్లలందరికి ఒక్క మెతుకు గూడ కలపకుండ రాసిన గద, ఈయనకెందుకు కలపాలె అనిపించింది. "తేడా కనబడలేదు" అని రాసి పంపిన. మీకు చెప్పాలెననుకున్న పాఠం ఉంటే అది అంతే. పాతది, కొత్తది ఒకే పూట, ఒకే గదిల కొలువుండ్రి. వచ్చిన దాన్ని ఎవరిదని చూడకుండ రాయుండ్రి. మొదటిది ఎవరైనా నేర్సుకుంటరు, రెండోది చేసేటప్పుడు జర గుండె కావాలె.

సోమవారం పొద్దున సారు ఫోన్ చేసిండు. అక్కడ స్పీకర్ పెట్టిండు, రెండు టీములూ గదిల ఉన్నయని కుర్చీల సప్పుడు విని తెలిసింది. ఇక్కడ మేం గూడ స్పీకర్ పెట్టినం. ఆ పిల్ల కుర్చీ అంచు మీద కూసున్నది, రెండు చేతులు ఒళ్లె పెట్టుకోని.

సారు సుట్టు తిప్పలే. మా కొలత పద్ధతి తప్పయింది, కొత్తోళ్లు పడ్డ మాటలన్ని ఊరికెనే పడ్డరు, తీసేసిన మార్పులన్ని ఒక్కొక్కటి మళ్ల కొలిపిస్త అన్నడు. తర్వాత ఆ పిల్లను పేరు పెట్టి పిలిచి, "అమ్మా, నీ కన్ఫర్మేషన్ మీద సంతకం పెట్టిన. నీ మార్పు ఉంటది. ఇగ పర్మనెంటు మనిషివి గదా, నీకు మొదటి పని చెప్తున్న. నా మార్పును తీసెయ్. అక్కడ నుంచే, ఇప్పుడే" అన్నడు.

పిల్ల మొకంల సంబురం రాబోయి ఆగింది. "నేనా సార్?"

"తప్పు పట్టింది నువ్వే గద. ఇంకెవరు తీస్తరు?"

నా కుర్చీల కూసున్నది. సారు మార్పును వెనకకు తీసింది. ఏ మార్పునన్న తీసేస్తే కారణం రాయాలె, అందరికి కనబడుతది అది. ఆమె టైపు చేసి, తుడిపి, మళ్ల టైపు చేసింది.

"కారణం ఏం రాసినవ్?" అని సారు అడిగిండు.

"కొన్ని ఇతర కారణాల వల్ల తీసేస్తున్నం అని రాసిన సార్."

"గట్ల గాదమ్మా. గురువారం నీది తీసేసినప్పుడు నేనేం రాసిన?"

పిల్ల నా దిక్కు చూసింది. "లాభం లేదు, తీసేస్తున్నం అని రాసిన్రు సార్."

"గదే రాయ్."

ఆ పిల్ల అక్షరం అక్షరం కొట్టి, ఒకసారి గట్టిగ చదివి వినిపించి, పంపింది. నాకు కండ్లల్ల నీళ్లు ఆగలే. ఆమెకు కొలువు నిలవడ్డదని కొంత, అట్లాంటి మనిషి కింద నిలవడ్డదని ఇంకొంత.